కిడ్నీ మార్పిడి తర్వాత పెరిగే ఆ కిలోలు ఎక్కడివి?

డయాలసిస్ మీద ఉన్నన్నాళ్లూ బరువంటే నీళ్ల లెక్కే. సెంటర్‌కి వెళ్లగానే ముందు వెయింగ్ మెషిన్ ఎక్కాలి. పోయినసారి ఇంటికెళ్లేటప్పుడు ఉన్న బరువుకీ ఇవాళ్టి బరువుకీ రెండున్నర కిలోలు తేడా ఉంటే, సుమారు రెండున్నర లీటర్ల నీరు ఒంట్లో చేరినట్టు. టెక్నీషియన్ ఆ మేరకు మెషిన్‌లో సెట్ చేస్తాడు. అదనపు నీరు లేనప్పుడు మనిషి ఎంత తూగుతాడో అదే డ్రై వెయిట్. ఏళ్ల తరబడి ఈ లెక్కకు అలవాటుపడ్డ పేషెంటుకీ, ఇంట్లోవాళ్లకీ కిడ్నీ మార్పిడి తర్వాత కొత్త చిక్కు ఎదురవుతుంది. మెషిన్ మీద అంకె నెలనెలా పెరుగుతూనే ఉంటుంది. కాళ్లలో నీరు లేదు, ఆయాసం లేదు, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె బాగానే ఉంది. మరి పెరుగుతున్నదేమిటి?

మార్పిడి జరిగిన మొదటి ఏడాదిలో 5 నుంచి 10 కిలోల దాకా పెరగడం ప్రపంచమంతటా మామూలుగా కనిపించే సంగతే. చాలా ఇళ్లలో దీన్ని 'మందుల వాపు' అని తోసేస్తారు, లేదా 'ఇన్నాళ్లకు కాస్త ఒళ్లు చేశాడు' అని సంతోషిస్తారు. రెండింటిలోనూ కొంత నిజముంది. అసలు సంగతేమిటంటే, పెరిగిన బరువులో నీరు, కండ, కొవ్వు మూడూ కలిసి ఉంటాయి. నీరు పెరిగితే కొత్త కిడ్నీకి ఏదైనా ఇబ్బంది వచ్చిందేమో చూడాలి. కండ పెరిగితే మనిషి కోలుకుంటున్నట్టు. కొవ్వు పెరిగితే, అదీ పొట్ట చుట్టూ పెరిగితే, ఎంతో కష్టపడి తెచ్చుకున్న కిడ్నీకీ గుండెకీ ముప్పు. అంకె ఒక్కటే చూసి భయపడటం, మురిసిపోవడం రెండూ తొందరపాటే.

మొదట మంచి కిలోల సంగతి. కిడ్నీలు పనిచేయని రోజుల్లో రక్తంలో చేరే వ్యర్థాల వల్ల ఆకలి చచ్చిపోతుంది. వికారం, నోట్లో ఇనుము రుచి, మాంసం వాసన పడకపోవడం, రక్తహీనత. దీనికి తోడు ప్రతి డయాలసిస్‌లోనూ కొంత అమైనో ఆమ్లాల రూపంలో పోషకం బయటికి పోతుంది. ఆపరేషన్ నాటికి తొడల్లో, భుజాల్లో కండ కరిగిపోయి ఉన్నవాళ్లు మన దగ్గర చాలామంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో షుగరు గానీ పెద్దగా బీపీ గానీ లేకుండానే కిడ్నీలు దెబ్బతిన్న రైతుకూలీల్లాంటివాళ్లు జబ్బుకు ముందు కూడా లావుపాటి మనుషులు కారు. అలాంటి మనిషి 46 కిలోల నుంచి 51కి వస్తే డైట్ చేయమని చెప్పడం పొరపాటు. ఆ ఐదు కిలోల్లో ఎక్కువ భాగం పోగొట్టుకున్నది తిరిగి వచ్చినట్టే కావచ్చు. అదే 70 కిలోల మనిషి 79కి చేరితే వ్యవహారం వేరు.

రెండో రకం కిలోలకు దారి వంటింట్లోంచే. డయాలసిస్ రోజుల్లో నోరు కట్టుకుని బతికిన మనిషి కదా. కొబ్బరినీళ్లు వద్దు, అరటిపండు వద్దు, టమాటా పప్పు వద్దు. కూరగాయ ముక్కలు నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు వార్చేసి చప్పగా వండిన కూరలు. రోజుకి లీటరు లోపు నీళ్లు. కొత్త కిడ్నీ పని మొదలుపెట్టిన కొద్ది రోజులకే నోటికి రుచి తెలుస్తుంది, కడుపులో ఆకలి పుడుతుంది. ఈ నిషేధాల్లో చాలావరకు ఒక్కొక్కటిగా తొలగిపోతాయి. (పొటాషియం విషయంలో మాత్రం రక్తపరీక్ష చూశాకే. కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ మందు పొటాషియంను పెంచగలదు.) ఇంట్లో అమ్మో, భార్యో, అక్కో ఇన్నేళ్లు మనసు చంపుకుని చప్పిడి కూరలు వండినవాళ్లు ఇప్పుడు అడిగిందల్లా చేసిపెడతారు. ఎవరిని తప్పుపట్టగలం? చావు అంచుదాకా వెళ్లొచ్చిన మనిషి కడుపునిండా తింటుంటే చూడటం కంటే ఆ ఇంటికి పండగేముంటుంది? అందుకే 'తగ్గించి తిను' అనే మాట ఆ ఇంట్లో కటువుగా వినిపిస్తుంది. డాక్టర్లు కూడా మొదటి నెలల్లో క్రియాటినిన్, రక్తంలో మందు లెవెల్, ఇన్ఫెక్షన్ల మీదే కళ్లు పెట్టి దీన్ని తర్వాత చూద్దామనుకుంటారు. ఆ 'తర్వాత' వచ్చేసరికి ఏడెనిమిది కిలోలు కూర్చుని ఉంటాయి.

అంత బరువు పెరగాలంటే విందుభోజనాలు అక్కర్లేదు. ఒక కిలో కొవ్వు చేరాలంటే సుమారు 7,700 కేలరీలు మిగలాలి. ఏడాదిలో 8 కిలోలంటే దాదాపు 61,600. రోజుకి పంచితే 170 కేలరీల లోపే. వండిన అన్నం 130 గ్రాములు తింటే ఆ 170 వచ్చేస్తాయి. కూరలో అదనంగా పడ్డ నాలుగు టీస్పూన్ల నూనెలోనూ అంతే ఉంటుంది. శరీరం లెక్కలు ఇంత సూటిగా నడవవు నిజమే. పెరిగిన బరువును మోయడానికి కూడా శక్తి ఖర్చవుతుంది. కానీ పరిమాణం అర్థం కావడానికి ఇది చాలు. మధ్యాహ్నం రెండోసారి వడ్డించిన ఒక గరిటెడు అన్నం రోజూ కొనసాగితే ఏడాది చివర మెషిన్ మీద కనిపిస్తుంది. కాబట్టి తగ్గించుకోవాల్సింది కూడా ఆ గరిటెడే. పస్తులుండనక్కర్లేదు.

మరి మందుల పాత్ర? ఇక్కడే ఎక్కువ అపోహలున్నాయి. ఆపరేషన్ సమయంలో మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పెద్ద మోతాదులో ఇస్తారు. తర్వాత ప్రెడ్నిసొలోన్ మాత్రలతో మొదలుపెట్టి (చాలామందికి వైసలోన్ అంటేనే తెలుస్తుంది), వారాల తరబడి మెల్లగా తగ్గిస్తూ కొన్ని నెలల్లో రోజుకి 5 మిల్లీగ్రాముల దగ్గరికి తెస్తారు. ఈ స్టెరాయిడ్ ఆకలి పెంచుతుంది. కండను కరిగిస్తుంది. కొవ్వును కాళ్లూ చేతుల్లోంచి ముఖానికీ, మెడ వెనక్కీ, పొట్టకీ మళ్లిస్తుంది. చంద్రబింబంలా గుండ్రంగా మారిన ముఖం మోతాదు తగ్గేకొద్దీ చాలావరకు మామూలవుతుంది. పొట్ట మాత్రం దానంతటది పోదు.

అయితే బరువంతా స్టెరాయిడ్ వల్లే అనుకోవడం సరికాదని చూపిన అధ్యయనం ఒకటుంది. అమెరికాలో 386 మంది కిడ్నీ గ్రహీతలను రెండు గుంపులుగా చేసి, ఒకరికి వారంలోనే స్టెరాయిడ్ ఆపేశారు, మరొకరికి తక్కువ మోతాదులో కొనసాగించారు. ఐదేళ్ల తర్వాతి ఫలితాలు 2008లో వచ్చాయి. స్టెరాయిడ్ వాడినవారిలో మధ్యస్థంగా 7.7 కిలోలు పెరిగితే, ఆపేసినవారిలో 5.1 కిలోలు పెరిగాయి. అంటే మాత్ర లేకపోయినా ఐదు కిలోలు పెరిగాయన్నమాట. తేడా రెండున్నర కిలోలే. అదే అధ్యయనంలో స్టెరాయిడ్ ఆపినవారిలో రిజెక్షన్, అంటే శరీరం కొత్త కిడ్నీని పరాయిదిగా చూసి దాడిచేయడం, ఎక్కువగా కనిపించింది. డాక్టర్ల కంటి ముందు, నిఘాలో, పద్ధతి ప్రకారం ఆపినప్పటి మాట ఇది. ముఖం ఉబ్బిందనో, పెళ్లిచూపులున్నాయనో, ఆడపిల్లని అందరూ అదోలా చూస్తున్నారనో ఇంట్లో సొంతంగా మాత్ర మానేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? కిడ్నీ పోవడమే కాదు, నెలల తరబడి స్టెరాయిడ్‌కి అలవాటుపడిన శరీరం ఒక్కసారిగా బీపీ పడిపోయి ప్రాణాపాయంలో పడొచ్చు. వయసులో ఉన్న పిల్లలకు ఈ ముఖం మార్పు పెట్టే బాధ చిన్నది కాదు. ముందే చెప్పి ఉంచితే, మోతాదు తగ్గాక మారుతుందని ధైర్యం ఇస్తే, మాత్రలు దాచిపెట్టే పరిస్థితి రాదు.

టాక్రోలిమస్‌ది మరో దారి. అది నేరుగా లావు చేయదు కానీ, ఇన్సులిన్ తయారుచేసే క్లోమ కణాల పనిని మందగింపజేస్తుంది. స్టెరాయిడ్ ఏమో ఉన్న ఇన్సులిన్‌ని పనిచేయనివ్వదు. పెరుగుతున్న పొట్ట రెండోదానికి తోడవుతుంది. ముగ్గురూ కలిస్తే అంతకుముందు లేని షుగరు వస్తుంది. మార్పిడి తర్వాత వచ్చే ఈ మధుమేహాన్ని పట్టుకోవడంలో ఒక మెలిక ఉంది, పేషెంట్లందరికీ తెలియాల్సింది. ప్రెడ్నిసొలోన్ పొద్దున టిఫిన్ తర్వాత వేసుకుంటారు. దాని ప్రభావం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎక్కువ, రాత్రికి తగ్గిపోతుంది. అందుకని తెల్లవారి పరగడుపున చేసే పరీక్షలో షుగరు 95 చూపించి, అదే మనిషికి మధ్యాహ్నం భోజనమయ్యాక మూడింటికో నాలుగింటికో చూస్తే 230 ఉండొచ్చు. ఫాస్టింగ్ బాగుందని నిశ్చింతగా ఉండేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా మొదటి కొన్ని నెలల్లో నమ్మదగ్గది కాదు. రక్తహీనత, రక్తమార్పిడి, కొత్తగా పుడుతున్న ఎర్రకణాలు ఆ అంకెను తారుమారు చేస్తాయి. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే మొదటి నెలల్లో మధ్యాహ్నం పూట చూసుకోవడమే తేలికైన మార్గం.

ఇంకో సంగతి భారతీయుల ఒంటి తీరు. పాశ్చాత్య దేశాల్లో బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అంటారు. మనవాళ్లకు ఆ హద్దులు 23, 25. చేతులూ కాళ్లూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చే శరీరం మనది. తక్కువ బరువుకే షుగరు, గుండెజబ్బు పలకరిస్తాయి. పైగా కండ తగ్గి, కొవ్వు పెరిగిన మనిషి బీఎంఐ మారకపోవచ్చు కూడా. అందుకే మెషిన్‌తో పాటు టేపు కూడా కావాలి. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకుండా చూసుకోవాలి. ఆపరేషన్‌కి ముందు ఒకసారి, తర్వాత నెలకోసారి కొలిచి బరువు పక్కనే రాసుకుంటే ఏ కిలోలు పెరుగుతున్నాయో చాలావరకు తెలిసిపోతుంది.

పొట్ట మీద ఇంత దృష్టి ఎందుకంటే, కొత్త కిడ్నీని పెట్టేది అక్కడే. పాత కిడ్నీలను సాధారణంగా తీయరు. కొత్తదాన్ని పొత్తికడుపులో ఓ పక్కన, ఎక్కువగా కుడివైపు, గజ్జకు కాస్త పైన అమరుస్తారు. కొవ్వు మందంగా ఉన్నచోట కుట్లు మానడం ఆలస్యం, గాయానికి చీము పట్టే అవకాశం ఎక్కువ. తర్వాత రోజుల్లో కోత ఉన్నచోట హెర్నియా రావచ్చు. అన్నిటికంటే ముఖ్యమైనది, కిడ్నీ ఒక్కటే. రెండు కిడ్నీలు చేయాల్సిన పని ఒకటే చేస్తోంది. ఒళ్లు పెరిగేకొద్దీ అది వడపోయాల్సిన రక్తం పెరుగుతుంది, లోపలి సన్నని జల్లెడల మీద ఒత్తిడి పెరుగుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోవడం మొదలవుతుంది. క్రియాటినిన్‌లో తేడా కనిపించేసరికి చాలా కాలం గడిచిపోతుంది. అందుకని అడపాదడపా మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్ష చేయించడం మంచిది. ఇక గుండె. కిడ్నీ చక్కగా పనిచేస్తుండగానే చనిపోయే గ్రహీతల్లో గుండె, రక్తనాళాల జబ్బులే ప్రధాన కారణాల్లో ఒకటి. ఇంత శ్రమపడి కిడ్నీని నిలబెట్టుకుని గుండెపోటుతో పోవడం ఎవరికీ రాకూడదు.

కంచం దగ్గరికి వద్దాం. మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు బరువు తగ్గే ఆలోచనే పెట్టుకోకూడదు. గాయం మానాలి, పెద్ద మోతాదు స్టెరాయిడ్ కండను తింటుంటుంది. ఆ రోజుల్లో కిలో బరువుకి 1.3 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలంటారు. 60 కిలోల మనిషికి 78 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో ఆరేడు గ్రాములు, కప్పు పప్పులో సుమారు ఎనిమిది, వండిన వంద గ్రాముల చికెన్‌లో పాతిక గ్రాములు. డయాలసిస్‌కి ముందు 'ప్రొటీన్ తగ్గించండి' అన్న మాట చెవుల్లో ఉండిపోయి, అవసరమైనప్పుడు కూడా పప్పూ గుడ్డూ తినడానికి జంకేవాళ్లున్నారు. ఆ తర్వాత 0.8 నుంచి 1 గ్రాము చాలు. శాకాహారులైతే పప్పు, పెరుగు, పాలు, సోయా మీద ఆధారపడాలి. పెరుగు ఇంట్లో మరగకాచిన పాలతో తోడుపెట్టినదైతే మేలు.

అన్నం మానేయాలన్న సలహా మన దగ్గర నిలవదు. వారం రోజులు మానేసి ఎనిమిదో రోజు రెట్టింపు తింటారు. కంచంలో ముందు కూర, పప్పు పెట్టుకుని, అన్నం తర్వాత పెట్టుకుంటే పరిమాణం దానంతటదే మారుతుంది. వేపుళ్లు వారానికి ఒకటి రెండుసార్లకు పరిమితం చేసి, ఇగురు, పులుసు, ఆవిరి మీద మగ్గించిన కూరలు చేసుకుంటే నూనె సగానికి తగ్గుతుంది. నెలకి ఇంట్లో ఎన్ని ప్యాకెట్ల నూనె అయిందో, మనుషుల లెక్కన భాగిస్తే ఎంత తింటున్నారో కళ్లకు కడుతుంది. కొర్రలు, అండుకొర్రలు, జొన్నలు మంచివే, పీచు ఎక్కువ. కానీ సిరిధాన్యాలు కదా అని రెట్టింపు తింటే బియ్యానికీ వాటికీ కేలరీల్లో పెద్ద తేడా ఉండదు. తాగేవాటి సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు. కొత్త కిడ్నీకి నీళ్లు బాగా పట్టించమంటారు, చాలామందికి రోజుకి రెండున్నర మూడు లీటర్లు. ఆ లీటర్లలోకి పళ్లరసాలు, రెండేసి స్పూన్ల పంచదారతో నాలుగు టీలు, సోడాలు దూరితే రెండు మూడు వందల కేలరీలు తెలియకుండా లోపలికి పోతాయి. నీళ్లను నీళ్లుగానే తాగాలి.

ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను. ఇది తెలుగు ఇళ్లలో అన్నిటికంటే కష్టమైన నియమం. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, చల్ల మిరపకాయలు కంచంలో ఉంటే ఆ టీస్పూను అక్కడే అయిపోతుంది. పైగా పచ్చడి ఉంటే ఒక ముద్ద అన్నం ఎక్కువే దిగుతుంది. ఉప్పుకీ బరువుకీ ఇలాంటి సంబంధం కూడా ఉంది.

నడక ఆసుపత్రి వార్డులోనే మొదలవ్వాలి. కుట్ల భయం, కొత్త కిడ్నీ కదిలిపోతుందేమోనన్న భయం చాలామందిని మంచానికి అతికిస్తాయి. కిడ్నీ నడకతో కదలదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు నాలుగైదు కిలోలకు మించి ఎత్తకుండా, నిండు బిందె, గ్యాస్ సిలిండర్ జోలికి పోకుండా ఉంటే సరిపోతుంది. ఆ తర్వాత డాక్టరు సరేనన్నాక కండ పెంచే వ్యాయామాలు కూడా చేయాలి. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆన్చి తోయడం, చిన్న డంబెల్స్. స్టెరాయిడ్ తినే కండను తిరిగి తెచ్చేది ఇవే, నడక ఒక్కటే చాలదు. దెబ్బ తగిలే ఆటలు మాత్రం వద్దు. అవయవ గ్రహీతల కోసమే 1978 నుంచి ప్రపంచ స్థాయిలో ట్రాన్స్‌ప్లాంట్ గేమ్స్ జరుగుతున్నాయని ఆ కుటుంబాలకు తెలిస్తే ఈ భయం కొంత పోతుంది.

అడ్డదారుల దగ్గర గట్టిగానే చెప్పాలి. వీడియోల్లో ప్రచారమయ్యే కీటో, ద్రవాహార డైట్లు, రోజంతా ఏమీ తినకుండా ఉండటం కిడ్నీ గ్రహీతలకు పనికిరావు. టాక్రోలిమస్ పన్నెండు గంటలకోసారి, తిండికి ఒకే తీరు ఎడంతో వేసుకోవాల్సిన మందు. కొవ్వు ఎక్కువున్న భోజనంతో వేసుకుంటే అది సరిగా ఒంటికి పట్టదు. విరేచనాలైతే లెవెల్ పెరిగిపోతుంది. తిండి పద్ధతి ఒక్కసారిగా మారితే లెవెల్ ఎటు పోతుందో పరీక్ష చేస్తే గానీ తెలియదు. బరువు తగ్గించే మూలికా పొడుల్లో ఏముంటుందో డబ్బా మీద నమ్మకంగా రాసి ఉండదు. పంపరపనస లాంటి పండు కూడా ఈ మందు లెవెల్‌ను పెంచుతుంది కాబట్టి దూరం పెట్టమంటారు. కొవ్వు అరగకుండా చేసే ఆర్లిస్టాట్ మాత్ర, టాక్రోలిమస్ లాంటిదే అయిన సైక్లోస్పోరిన్ మందును ఒంటికి పట్టకుండా చేస్తుంది, ఆక్సలేట్ అనే లవణం పేరుకుని కిడ్నీయే దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి.

ఇప్పుడు అందరూ అడిగేది బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి. 2025లో మౌంజారో, వెగోవీ మన మార్కెట్‌లోకి వచ్చాయి. వెగోవీలో ఉన్న సెమాగ్లుటైడ్ మందు, షుగరుతో పాటు కిడ్నీ జబ్బున్నవారిలో కిడ్నీ దెబ్బతినడాన్ని తగ్గించిందని 2024లో వెలువడిన ఫ్లో అనే పెద్ద ట్రయల్ చూపింది. కానీ అందులో ఉన్నవాళ్లు మార్పిడి చేయించుకున్నవాళ్లు కారు. గ్రహీతల్లో ఇప్పటిదాకా వచ్చిన పరిశీలనలు ఆశాజనకంగానే ఉన్నాయి, నెఫ్రాలజిస్టులు (కిడ్నీ డాక్టర్లు) కొందరికి రాస్తున్నారు కూడా. చిక్కల్లా వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే ఒంటరి కిడ్నీ క్రియాటినిన్ చటుక్కున పెరగడం. కాబట్టి మార్పిడి చేసిన టీమ్‌కి తెలియకుండా మందుల షాపులో కొనుక్కుని పొడుచుకునే మందు కాదిది. బాగా ఊబకాయం ఉన్నవారికి సర్జరీ కూడా ఒక దారే. పేగులను దాటవేసే బైపాస్ కంటే కడుపు సైజు తగ్గించే స్లీవ్ ఆపరేషన్ వైపు సర్జన్లు మొగ్గడానికి కారణం, అందులో మందులు ఒంటికి పట్టడం, ఆక్సలేట్ సమస్యలు తక్కువ కావడమే.

బరువు ఎప్పుడు ఎమర్జెన్సీ అవుతుందో కూడా తెలియాలి. ఒక్కరోజులో కిలో, లేదా వారంలో రెండు కిలోలు పెరిగి, పాదాలు వాచి, మూత్రం తగ్గితే అది కొవ్వు కాదు, నీరు. ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేయాలి. దీనికోసం పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు, ఒకే మెషిన్ మీద చూసుకుని రాసుకోవడం ఉపయోగపడుతుంది. అలాగే ఏ ప్రయత్నమూ చేయకుండా బరువు తగ్గితే ఇంట్లో సంతోషపడకూడదు. రోగనిరోధక శక్తిని అణిచే మందుల మీద ఉన్నవాళ్లకు మన దేశంలో టీబీ భయం ఎక్కువ. సాయంకాలం జ్వరం, చెమటలు, బరువు తగ్గడం కనిపిస్తే పరీక్షలు ఆలస్యం కాకూడదు. షుగరు అదుపు తప్పినా, రోగనిరోధక శక్తిని అణిచే మైకోఫెనొలేట్ మాత్ర వల్ల విరేచనాలు పట్టుకున్నా, సీఎంవీ అనే వైరస్ ఇన్ఫెక్షన్ వచ్చినా, అరుదుగా లింఫోమా అనే క్యాన్సర్ అయినా ముందు కనిపించేది బరువు తగ్గడమే కావచ్చు.

ఇదంతా పేషెంటు క్రమశిక్షణ మీద వదిలేయడం న్యాయం కాదు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో కొద్దిమంది గ్రహీతలతో ఒక ట్రయల్ చేశారు. ఒక గుంపుకి డైటీషియన్ నాలుగుసార్లు, ఇంకో గుంపుకి పన్నెండుసార్లు సలహా ఇచ్చారు. ఆరు నెలలకు రెండింటి బరువుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చిన్న ట్రయల్ కాబట్టి దాని మీద మరీ ఆధారపడకూడదు. కానీ అక్కడ 'తక్కువ' గుంపుకి అందిన నాలుగు సలహాలు కూడా మన దగ్గర చాలామందికి అందవు. నెలనెలా ఓపీకి వచ్చి, క్యూలో నిలబడి, రక్తం ఇచ్చి, మందులు తీసుకుని బస్సెక్కే మనిషికి ప్రతి విజిట్‌లో నడుము కొలిచి, ఏం తింటున్నారని రెండు నిమిషాలు అడిగే మనిషి ఒకరుండాలి. కిడ్నీ గ్రహీతల సంరక్షణకు 2009లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ప్రతి విజిట్‌లోనూ ఊబకాయం పరిశీలించమనే చెప్పాయి. దానికి పెద్ద ఖర్చేమీ లేదు, ఒక టేపు, ఒక రిజిస్టరు చాలు.

ఇంట్లో ఇంకొకరున్నారు. మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే, తల్లో భార్యో. ఇప్పుడు ఆమెకీ ఒక్క కిడ్నీయే. బరువు, బీపీ, షుగరు పెరిగితే ఆమెకూ అదే ముప్పు. పేషెంటుకి వండే తక్కువ ఉప్పు, తక్కువ నూనె కూర ఆమె కూడా తింటే ఒకే వంటతో ఇద్దరికీ సరిపోతుంది. కానీ జరిగేది వేరు. కొడుక్కి విడిగా వండి, మిగిలిన ఊరగాయ అన్నం తాను తింటుంది. ఫైలు, మాత్రల డబ్బా, పరీక్షల తేదీలు అన్నీ కొడుకువే ఆమె చేతిలో ఉంటాయి. ఏడాదికోసారి దాత కూడా బరువు, బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకోవాలి. కొడుకుని చెకప్‌కి తీసుకెళ్లిన రోజే, అదే కౌంటర్‌లో, ఆమె పేరు మీద కూడా ఒక చీటీ రాయించవచ్చు.